తోకవైపు కూర్చున్న తాత

జపాను రాజు మధ్యాహ్నం అన్నానికి కూర్చొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా, సరిగ్గా ఆయన కంచంలో బాంబు వేసిన మొనగాడు మా సమ్మయ్య తాత. కంచం పగిలింది, పులుసు ఒలికింది, ఆకలికి ఆగలేక రాజు యుద్ధం చాలించుకున్నాడు. ఆ కోపంలో రాజు ఎగిరి కొరికితేనే తాత ఎడమచేతికి రెండు వేళ్లు పోయాయి.

ఇది తాత చెప్పిన మాట కాదు. ఆయన అక్క, మా నాయనమ్మ శంకరవ్వ చెప్పిన మాట. లక్సెట్టిపేట సంతలో చెప్పింది, గోదావరి రేవులో బట్టలుతుకుతూ చెప్పింది, మిషను గుడిలో ప్రార్థనకు ముందూ చెప్పింది, తర్వాతా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కంచం పెద్దదయ్యేది. ఒకసారి చెన్నూరు నుంచి వచ్చిన చుట్టాలకు చెప్పేటప్పటికి కంచం బంగారుదై, పక్కన రాణి కూడా వచ్చి కూర్చుంది.

"మరి రాణికేం కాలేదా?" అని వాళ్లడిగారు.

"ఆడమనిషి ఉన్నదని మా తమ్ముడు జర పక్కకు ఏసిండు" అంది శంకరవ్వ తడుముకోకుండా.

ఆమె అలా చెప్పడానికి కారణముంది. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు తల్లీతండ్రీ ఇద్దరూ పోతే, తమ్ముణ్ని చంకనేసుకొని పెంచింది ఆమే. పరాయి చేన్లలో కలుపు తీసి మిషను బడిలో చదివించింది. చదువయ్యాక కొలువు వెతుక్కుంటానని సికింద్రాబాదు పోయిన సమ్మయ్య, కొలువుకు బదులు యుద్ధాన్ని వెతుక్కున్నాడు. విమానాల ఫౌజులో చేరి, వైర్‌లెస్ నేర్చుకొని, మరతుపాకీ నేర్చుకొని, బర్మా సరిహద్దులో బాంబరు ఎక్కాడు. యుద్ధం ముగిశాక రెండు వేళ్లు తక్కువగా ఇంటికొచ్చాడు. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు సర్కారు బస్సులో కండక్టరయ్యాడు. అన్నీ అయ్యాయి గాని ముప్పై దగ్గర పడుతున్నా పెళ్లి మాత్రం కాలేదు.

ఎందుకు కాలేదంటే ఊరి దగ్గర కారణాలకు కొదవ లేదు. గాలిలో తిరిగినవాడి తల నేల మీద నిలవదని కొందరు. వేళ్లు లేని చేతిలో పిల్ల చెయ్యి ఎవరు పెడతారని కొందరు. అన్నిటికంటే పెద్దది ఆయన కూర్చునే తీరు. ఆ బాంబరులో సీట్లు రెండే. ముందు సీటులో పైలట్. వెనక సీటులో పైలట్‌కు వీపు పెట్టి, తోకవైపు ముఖం పెట్టి సమ్మయ్య. వెనక నుంచి శత్రువు వస్తే చూడాలి, కాల్చాలి. అలా తిరిగి తిరిగి ఆయనకు ముందుకు చూస్తూ ప్రయాణం చేస్తే కడుపులో తిప్పేది. వెనక ఏం వస్తున్నదో చూసుకోకుండా లోకమంతా ఎలా తిరుగుతున్నదో ఆయనకు అర్థమయ్యేది కాదు. దోస్తు హనుమండ్లు సైకిలు తొక్కుతుంటే, వెనక క్యారియరు మీద అతని వీపుకు వీపు ఆనించి ఉల్టా కూర్చునేవాడు.

మా వైపు తప్పు చేసినవాణ్ని గాడిద మీద తోకవైపు తిప్పి కూర్చోబెట్టి ఊరేగించేవారు. అందుకని సైకిలు కనిపిస్తే చాలు, చాయ దుకాణం దగ్గరున్నవాళ్లు అందుకునేవారు.

"ఏం దొంగిలిచ్చినవ్ సమ్మయ్యా? గాడిద దొరకలేదా?"

"నీ పెండ్లాం చీపురు పట్టుకోని ఎనుక నుంచి వస్తున్నది. సూసి చెప్తున్న, జల్ది లేసి పో" అనేవాడు సమ్మయ్య. చెప్పింది నిజమే అయ్యేది. ఆయన కనిపించనిది చెప్పేవాడు కాదు.

ఆ గుణమే శంకరవ్వకు తలనొప్పి. పెళ్లి మాటల్లో గాలి కొట్టడం మా వైపు తప్పు కాదు, మర్యాద. పిల్లవాడి తరఫువాళ్లు రెండెకరాలను నాలుగంటారు. పిల్ల తరఫువాళ్లు నల్లపిల్లను చామనఛాయ అంటారు. వినేవాడు సగం తీసేసి వింటాడు. ఎవరూ మోసపోరు, ఎవరి ఇజ్జత్ వారికి ఉంటుంది. అసలు గొప్పలు చెప్పకపోతేనే అనుమానం, ఈ సంబంధం మీద వీళ్లకు మనసు లేదేమోనని. శంకరవ్వ కంచం కథ కూడా అలాంటిదే. కాకపోతే ఆమె కథలో సగం తీసేసినా ఇంకా రాజు మిగిలేవాడు.

సమ్మయ్య పెళ్లి మాట తనంతట తానెత్తింది ఒక్కసారే. ఆ ఏడు కోత పండుగ నాడు. పంటలో మొదటి భాగం గుడికి తెచ్చి, ప్రార్థన అయ్యాక హర్రాజు వేస్తారు. హర్రాజు వేసేది ముసలి ఉపదేశి దేవదాసు. పాస్టరు అయ్యగారు ఊళ్లు తిరగబోయినప్పుడు గుడి నడిపేదీ ఆయనే. దేవదాసు ఒక గుమ్మడికాయను నెత్తి మీదికెత్తి, మోషే కాలం నుంచి ఇలాంటి కాయ కాయలేదన్నాడు. వేలం పాట పెరుగుతోంది. ఇంతలో ఆడవాళ్ల చాపల మీద నుంచి ఒక పిల్ల లేచింది.

"కింద మెత్తగున్నది తాతా. బొటనేలు పెట్టి ఒత్తుండ్రి, తెలుస్తది."

దేవదాసు ఒత్తాడు. బొటనవేలు లోపలికి పోయింది. ఆ కాయ తెచ్చినవాడు ఆ పిల్ల తండ్రి యేసుదాసే. నలుగురిలో తలెత్తుకోలేక కండువాతో ముఖం తుడుచుకున్నాడు. గుడి అంతా నవ్వింది గాని సమ్మయ్య నవ్వలేదు. ఇంటికి పోతూ అక్కతో అన్నాడు.

"అక్కా, గా గుమ్మడికాయ పిల్లనయితే చేసుకుంట."

"ఎవలు, ఎలీసబెతా? సొంత బాపు ఇజ్జత్ తీసిన పోరిరా అది!"

"గందుకే."

శంకరవ్వకు ఆ "గందుకే" అర్థం కాలేదు గాని తమ్ముడు నోరు తెరిచి అడగడమే పదివేలు. మరునాడే యేసుదాసు ఇంటికి పోయి కంచం కథ మొదలుపెట్టింది. యేసుదాసు తక్కువవాడా? తన బిడ్డ బైబిలంతా చూడకుండా చెప్తుందనీ, పున్నమి చందమామ తనను చూసి కుళ్లుకుంటుందనీ అన్నాడు. ఇద్దరూ సరిసమానంగా అబద్ధాలాడి, తృప్తిగా లేచారు. సంబంధం కుదిరింది.

మా గుడి ఆచారం ప్రకారం పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానావాడికీ ఫలానా పిల్లకూ పెళ్లి నిశ్చయమైంది, అభ్యంతరమున్నవాళ్లు చెప్పండి అని. మొదటి ఆదివారం అయ్యగారు చదివారు. పేర్లు, ఊళ్లు, అంతే. శంకరవ్వకు ఒళ్లు మండింది. ఏ ఊరూ దాటనివాడికీ అదే ప్రకటన, బర్మా దాకా పోయొచ్చినవాడికీ అదే ప్రకటనా? రెండో ఆదివారం అయ్యగారు చెన్నూరు వైపు పోతున్నారని తెలిసి, శనివారం సాయంత్రం ఒక కోడిపుంజును చంకలో పెట్టుకొని దేవదాసు ఇంటికి పోయింది.

తెల్లారి దేవదాసు గొంతు సవరించుకొని, పాత నిబంధన చదివినట్టు రాగం తీస్తూ చదివాడు.

"బర్మా దేశపు యుద్ధములో పది జపాను విమానములను నేల గూల్చి, జపాను రాజు భోజనపు పాత్రలో బాంబు వేసి, ఆ రాజు చేతనే శభాష్ అనిపించుకొనిన వీరుడగు సమ్మయ్యకును, యేసుదాసు కుమార్తెయగు ఎలీసబెతుకును పెండ్లి నిశ్చయమైనది. ఇందులో ఎవరికైనను అభ్యంతరమున్నయెడల ఇప్పుడే చెప్పవలెను."

మగవాళ్ల వైపు చివరి వరుసలో ఒకడు లేచాడు.

"నాకున్నది" అన్నాడు.

అందరూ మెడలు తిప్పి చూశారు. లేచింది పెళ్లికొడుకు.

దేవదాసు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "సమ్మయ్యా, ఇది నీ పెండ్లేరా."

"ఎరుకే తాతా. అయినా నాకున్నది. నేను ఒక్క ఇమానం గూడ కూలగొట్టలే. రాజును సూడనే సూడలే. గీ మాటల మీద పెండ్లంటే నాకు అభ్యంతరమే."

గుడిలో పసిపిల్లలు కూడా ఏడుపు మానేశారు. శంకరవ్వ చాప మీదే తల పట్టుకుంది. యేసుదాసు మెల్లగా లేచి కండువా దులిపాడు. ఆయనకు అర్థమైంది ఒక్కటే. మా వైపు ఎవరికైనా అర్థమయ్యేది అదే. నెత్తిన పెట్టిన గొప్పను తానే తీసి కింద పడేసేవాడికి ఆ పిల్ల అక్కర్లేదన్నట్టు.

"సీదా ఒద్దని చెప్పరాదా పిలగా? నలుగుట్ల గింత నాటకమెందుకు?" అని, కూతుర్ని లేవదీసుకొని వెళ్లిపోయాడు.

సమ్మయ్య నోరు తెరిచేలోపు వాళ్లు గుమ్మం దాటారు. ఎలీసబెతు మాత్రం గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో కోపముందా ఇంకేమైనా ఉందా అన్నది, వెనక్కి చూడడమే వృత్తిగా బతికిన సమ్మయ్యకు కూడా తెలియలేదు.

దేవదాసు తీర్పు చెప్పాడు. అభ్యంతరం పడ్డ ప్రకటన మూడోసారి చదవడానికి లేదు. వేసినవాడే సంఘం ముందు తీసెయ్యాలి, పిల్ల తండ్రి ఒప్పుకోవాలి. వచ్చే ఆదివారంలోపు అది జరగకపోతే పెళ్లి లేనట్టే.

ఆ వారం శంకరవ్వ తమ్ముడితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గోడతో మాట్లాడేది. "ఓ గోడా, నేను గాలి కొట్టింది ఎవలి కోసం? నాకేమన్న పెండ్లా? గా పది ఇమానాలు వాని నెత్తి మీద ఏమన్న పడ్డయా?"

"అక్కా..."

"ఓ గోడా, నాకు తమ్ముడు లేడని చెప్పు."

గురువారం బస్సు దిగగానే సమ్మయ్య హనుమండ్లును పిలిచాడు. సైకిలు యేసుదాసు ఊరి బాట పట్టింది. హనుమండ్లు ముందుకు చూస్తూ తొక్కుతున్నాడు, సమ్మయ్య వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. దారి పొడవునా హనుమండ్లు నూరిపోశాడు.

"ఒక్క మాట అను. మామా, నేను సిగ్గుకొద్ది గట్లన్న, నిజంగ పది కూలగొట్టిన అను. అయిపోతది."

"కూలగొట్టలే గదరా."

"ఐదను పోనీ."

"ఒక్కటి గూడ లేదు. మా మీదికి ఒక్క జపాను ఇమానం గూడ రానేలే."

హనుమండ్లు సైకిలు ఆపి వెనక్కి తిరిగాడు. "మరి గన్నిదినాలు తుపాకి పట్టుకోని ఏం జేసినవ్‌రా?"

"గదే చెప్పనీకి పోతున్న. తొక్కు."

యేసుదాసు వాకిట్లో నులక మంచం మీద కూర్చొని ఉన్నాడు. రమ్మనలేదు, మంచినీళ్లిమ్మని లోపలికి చెప్పనూ లేదు. మా వైపు వాకిట్లోకి వచ్చినవాడికి నీళ్లివ్వకపోతే తిట్టినదానికంటే ఎక్కువ. ఆయన భార్య సత్తవ్వకు మనసొప్పక చెంబు తెచ్చింది. యేసుదాసు గుర్రుమని చూశాడు. ఆమె చెంబు కింద పెట్టింది గాని వెనక్కి తీసుకుపోలేదు.

"నేను గాలి కొట్టలేదా?" అన్నాడు యేసుదాసు చివరికి. "మా పిల్ల బైబిలంత చెప్తదని అన్న. దానికి వచ్చేది రెండు కీర్తనలు. మరి నేను గుడిల లేసి చెప్పుకున్ననా? మనిషన్నోడు పెండ్లి మాటలు పెండ్లి మాటల్లెక్కనే ఉంచాలె. సరే, అక్కడ నువ్వు పది కూలగొట్టలే. కంచం పగులగొట్టలే. ఇంకేం జేసినవ్? వంట జేసినవా?"

"సూసి చెప్పిన మామా."

"ఏం సూసి?"

సమ్మయ్య నిలబడే చెప్పాడు. ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా. చెప్తే దాన్ని ఆమె ఎంత దూరం తీసుకుపోతుందోనని.

వాళ్ల బాంబరు మిగతావాటిలా పై నుంచి పోతూ పోతూ బాంబులు వదిలేది కాదు. గురి మీదికి వచ్చాక ముక్కు కిందికి పెట్టి, గద్ద కోడిపిల్ల మీద పడ్డట్టు నిట్టనిలువునా దూకేది. పైలట్‌కు ఎదురుగా నేల కనిపిస్తుంది. తోకవైపు కూర్చున్నవాడికి నేల కనిపించదు. వెల్లకిలా పడిపోతున్నట్టు ఉంటుంది, కళ్లెదుట ఆకాశం ఒక్కటే. తాను దేని మీద పడుతున్నాడో తెలియకుండా పడడం అది. బాంబు వదలగానే పైలట్ విమానాన్ని లేవదీస్తాడు. అప్పుడు ఒళ్లు ఇసుక బస్తా అవుతుంది, చూపు మసకబారుతుంది. ఆ మసక తొలగగానే, పైలట్ ఎదురొచ్చే కొండను తప్పించుకునే పనిలో ఉంటాడు. బాంబు ఎక్కడ పడిందో చూడగలిగేది వెనక సీటువాడు ఒక్కడే. చూసి చెప్పాలి. తగిలిందంటే కింద కాపు వేసుకొని ఉన్న మన సిపాయిలకు కబురు పోతుంది, వాళ్లు కందకాల్లో నుంచి లేచి కొండెక్కుతారు. తగలకుండానే తగిలిందంటే, కొండ మీద జపానువాళ్ల మరతుపాకులు ఇంకా బతికే ఉంటాయి, ఎక్కినవాళ్లు మాత్రం దిగరు.

ఒకనాడు అలాగే దూకి లేచారు. పైలట్ సాబు లాహోరు మనిషి, గుండె ధైర్యం గలవాడు, గురి మీద గర్వం గలవాడు. సమ్మయ్యను సామ్ అని పిలిచేవాడు.

"సామ్, లగా?" అని అడిగాడు. తగిలిందా అని.

సమ్మయ్య చూశాడు. కొండ మీద దుమ్ము లేవలేదు. పక్కనున్న వాగులో బురద లేచింది.

"నై లగా సాబ్. వాగుల పడ్డది."

"ఠీక్‌సే దేఖో. లగా హోగా." సరిగా చూడు, తగిలే ఉంటుందని.

"నై లగా సాబ్."

రెక్కల కింద ఇంకా చిన్న బాంబులు ఉన్నాయి. తగిలిందని చెప్తే ఇద్దరూ ఇంటికి పోయి చాయ తాగుతారు. తగల్లేదంటే రెండోసారి దూకాలి, ఈసారి కింద తుపాకులన్నీ మేలుకొని ఎదురుచూస్తుంటాయి. పైలట్ సాబుకు అది తెలుసు, సమ్మయ్యకూ తెలుసు. విమానం వెనక్కి తిరిగింది.

రెండోసారి దూకుతున్నప్పుడు ఆకాశం నిండా నల్ల పొగ మొగ్గలు విచ్చుకోవడం సమ్మయ్య చూశాడు. ఏదో పగిలింది. ఎడమచేతి తొడుగు తడిసింది. విమానం లేచింది, చూపు మసకబారింది, తేరుకుంది.

"సామ్. లగా?"

చెయ్యి చూసుకోకముందే కొండను చూశాడు. జపానువాళ్ల మరతుపాకీ దిబ్బ ఉన్నచోట గొయ్యి ఉంది.

"లగా సాబ్."

అప్పుడు చేతి వైపు చూసుకున్నాడు. రెండు వేళ్లు లేవు. మిగిలిన వేళ్లతోనే వైర్‌లెస్ మీద కబురు కొట్టాడు. వెనక్కి పోతూ, తోకవైపు కూర్చున్నందుకు ఒక్క లాభం పొందాడు. కందకాల్లో నుంచి మన సిపాయిలు లేవడం, చీమల వరుసలా కొండెక్కడం, ఎవరూ పడకపోవడం, కనుచూపు దాటేదాకా చూస్తూనే ఉన్నాడు. ముందు సీటువాడికి ఆ భాగ్యం లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక వేళ్లు లేనివాణ్ని విమానం ఎక్కించేది లేదన్నారు ఫౌజు పెద్దలు. పైలట్ సాబు వాళ్ల ముందు టోపీ తీసి బల్ల మీద పెట్టి, సామ్ ఎక్కకపోతే తాను కూడా ఎక్కనన్నాడు. వేళ్లున్నవాళ్లు చాలామంది దొరుకుతారు, లగా అంటే లగానే అయ్యే మాట గలవాడు దొరకడన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు దూకినా ఏ మాటా రెండోసారి అడగలేదు.

"గంతే మామా" అన్నాడు సమ్మయ్య. "పతకం లేదు. శభాష్ లేదు. సూసి చెప్పిన. దేవదాసు తాత సదివింది వాగుల పడ్డది. వాగుల పడ్డదాన్ని తగిలిందని నేనెట్ల అనాలె? పిల్ల మీద మనసు లేక కాదు."

హనుమండ్లు నోరు తెరుచుకొని అలాగే ఉన్నాడు. ఇన్నాళ్లూ తన వీపుకు ఆనుకొని కూర్చున్నది ఎవరో అప్పుడు తెలిసినట్టు. యేసుదాసు చెంబు అందుకొని తానే సమ్మయ్య చేతికిచ్చాడు.

తలుపు చాటు నుంచి గొంతు వినిపించింది. "రెండోసారి దుంకేటప్పుడు భయమైందా?"

"అయింది" అన్నాడు సమ్మయ్య తలుపు వైపు చూసి.

"మస్తా?"

"మస్తు."

ఎలీసబెతు తలుపు దాటి వాకిట్లోకొచ్చింది. సత్తవ్వ "ఓ పొల్లా!" అంటూ కొంగు లాగింది గాని ఆగలేదు.

"మా బాపు నన్ను చందమామ అని చెప్పిండంట గదా. ఇప్పుడు ఎదురుంగున్న. సూసి చెప్పు. లగానా?"

యేసుదాసు కళ్లు మూసుకున్నాడు. హనుమండ్లు వెనక నుంచి సమ్మయ్య అంగీ పట్టి గుంజాడు. ఈ ఒక్కసారి అబద్ధమాడరా బాబూ అన్నట్టు. సమ్మయ్య కొండను చూసినట్టే చూశాడు, తొందర పడకుండా.

"నై లగా" అన్నాడు. "చందమామ లెక్క లేవు. ముక్కు జర ఎడమకు పోయింది. ఎండల పని జేసిన మొకం. గుమ్మడికాయ నాడు ఎట్లున్నవో గట్లనే ఉన్నవ్. నాకు గామెనే గావాలె."

సత్తవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎలీసబెతు ముక్కును ఒకసారి వేలితో తడుముకొని, తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, ఈయన అక్క చెప్పింది నేను నమ్మలే. నువ్వు చెప్పింది ఈయన నమ్మలే. ఇగ మాకు తక్లీఫ్ లేదు. ఆదివారం సదవమను."

ఆదివారం అయ్యగారే ఉన్నారు. సమ్మయ్య లేచి, అభ్యంతరం తీసేస్తున్నానన్నాడు. అయ్యగారు పేర్లు, ఊళ్లు చదివి, ఎవరికైనా అభ్యంతరమున్నదా అని అడిగారు. ఆడవాళ్ల చాపల మీద నుంచి పెళ్లికూతురు లేచింది. గుడి మళ్లీ గుండెలు పట్టుకుంది.

"పెండ్లికి కాదు అయ్యగారు. శంకరవ్వ వదినె ఇకమీద ఈయన సంగతి ఏది చెప్పినా నన్ను అడిగి చెప్పాలె. గదొక్కటే."

"అట్లయితే నేను బతికేదెట్ల?" అంది శంకరవ్వ. నవ్వాపుకోలేక అయ్యగారు ఆ పూట ఆశీర్వాదం రెండుసార్లు మొదలుపెట్టవలసి వచ్చింది.

పెళ్లినాడు ఎడ్లబండి మీద ఊరేగింపు. పెళ్లికూతురు ముందుకు చూస్తూ కూర్చుంది. పెళ్లికొడుకు, ఎవరెంత చెప్పినా వినక, ఆమె వీపుకు వీపు ఆనించి తోకవైపు తిరిగి కూర్చున్నాడు. గాడిద మాట ఎత్తబోయినవాడి నెత్తిన హనుమండ్లు ఒకటిచ్చాడు. అప్పటి నుంచి ఆ ఇంటికి పైలట్ ఆమె. బండి ఎటు తిరగాలో ఆమె చూస్తుంది, ఎక్కడ ఏం పడిందో ఆయన చెప్తాడు.

బస్సులోనూ ఆయన అదే పని చేశాడు. గోదావరి రేవు దగ్గర ఇరుకు ఒడ్డున బస్సును వెనక్కి తిప్పాలంటే పెద్ద పెద్ద డ్రైవర్లకు కూడా చెమటలు పట్టేవి. సమ్మయ్య వెనక మెట్టు మీద నిలబడి "ఆనేదో, ఆనేదో", రానీ రానీ, అంటే కళ్లు మూసుకొని తిప్పేవారు. "బస్, చాలు" అంటే ఆపేవారు. ఒక్క చక్రం ఇసుకలో దిగలేదు. డ్యూటీలు వేసేటప్పుడు డ్రైవర్లు సమ్మయ్య ఉన్న బస్సే అడిగేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ తెలియనట్టు టికెట్లు కొట్టేవాడు. వాళ్లలా అడిగిన నాడు ఇంటికొచ్చాక మాత్రం కూర బాగుందనేవాడు, అది బాగున్నప్పుడే.

పాకిస్తానుతో యుద్ధమప్పుడు కరీంనగర్‌లో సభ పెట్టి ఆయన్ను వేదిక ఎక్కించారు. మైకు పట్టుకున్నాయన ఎవరి దగ్గర విన్నాడో గాని, ఎవరి దగ్గరో మాకు తెలుసు గాని, జపాను రాజు కంచం దాకా వచ్చాడు. సమ్మయ్య కుర్చీలోంచి లేవబోయాడు. పక్కనున్న ఎలీసబెతు ఆయన ధోవతి అంచును కాలి కింద తొక్కిపెట్టింది. లేవలేక, మెడలో దండ పెట్టుకొని, కూర్చున్నచోటి నుంచే "వాగుల పడ్డది, వాగుల పడ్డది" అన్నాడు. అది ఏదో మంత్రమనుకొని జనం చప్పట్లు కొట్టారు.

శంకరవ్వకు ఇప్పుడు చూపు లేదు. కంచం మాత్రం ఇంకా కనిపిస్తుంది. అయినా ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి తమ్ముడి సంగతి అడిగితే ముందు ఆ కొండ కథ చెప్తుంది. రెండోసారి దూకిన చోట గొంతు తగ్గించి, తడిమి తమ్ముడి ఎడమచెయ్యి పట్టుకుంటుంది. అందులో ఒక్క మాట కూడా కలపదు. కలపడానికి చోటు లేదంటుంది. అది అయ్యాకే రాజును భోజనానికి పిలుస్తుంది.

ఇదంతా మొదటి నుంచి చివరిదాకా వాకిట్లో తాతకు చదివి వినిపించాను. ఆయన మంచం మీద వీధికి వీపు పెట్టి కూర్చొని విన్నాడు. ఎలీసబెతు అవ్వ బియ్యం చేటతో వచ్చి వింది. ముక్కు దగ్గరికి వచ్చినప్పుడు ముక్కు తడుముకుంది. చదవడం అయ్యాక ఆయన ముఖం కేసి చూశాను. ఆయన ఇంటి పక్క నుంచి కనిపించే గోదావరి అవతలి ఒడ్డు కేసి చూస్తున్నాడు.

"తాతా, లగా?" అని అడిగాను.

"నై లగా. మొదటి మాటనే మీ నాయినమ్మ కంచంల పడ్డది. ఎనుకకు మల్లి ఇంకోసారి రా."